మేరీ షెల్లీ

మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ షెల్లీ (ఆగష్టు 30, 1797 - ఫిబ్రవరి 1, 1851) సుప్రసిద్ధ ఆంగ్ల రచయిత్రి. 1818లో వెలువడిన ఫ్రాంకెన్‌స్టైన్ నవల ఈమెకు శాశ్వత కీర్తిని తెచ్చిపెట్టింది. ఈ నవలను ప్రారంభించినప్పుడు ఈమె వయసు 18 సంవత్సరాలు, ముగించినప్పుడు 19. తత్వవేత్త విలియం గాడ్విన్, స్త్రీల హక్కుల కోసం వాదించిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ ఈమె తల్లిదండ్రులు. ఆంగ్ల కాల్పనికోద్యమ కవులలో ముఖ్యుడైన పెర్సీ బిష్ షెల్లీ ఈమె భర్త.

భయం, రహస్యం, మరణం ప్రధానాంశాలుగా సాగే నవలలను ఆంగ్ల సాహిత్యంలో గోతిక్ నవలలు అంటారు. 1764లో హోరేస్ వాల్‌పోల్ రచించిన ఒట్రాంటో కోట కథను ఈ కోవలో మొదటిదిగా పేర్కొంటారు. ఆ తరహా నవలలలో భయం పాడుబడిన కోటలలోను, నేలమాళిగలలోను ఉంటుంది. ఫ్రాంకెన్‌స్టైన్‌లో అది కుటుంబంలోనుండే పుడుతుంది. పుట్టించినవాడు వదలివేసిన బిడ్డ కథ అది. అందులోని పాత్రల మధ్య గల సంబంధాలను గ్రహించడానికి రచయిత్రి పుట్టుపూర్వోత్తరాలు తెలియడం చాలా అవసరం.

తల్లిదండ్రులు

మేరీ తల్లి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ (1759-1797) తన కాలంలో ఎంతో సాహసవంతురాలైన రచయిత్రి. స్త్రీలకు పురుషులతో సమానంగా విద్య ఉండాలని వాదిస్తూ 1792లో ఈమె వెలువరించిన స్త్రీ హక్కుల సమర్థన గ్రంథం నేటికీ స్త్రీవాదానికి మూలగ్రంథాలలో ఒకటి. ఫ్రెంచి విప్లవ కాలంలో పారిస్ వెళ్ళి, అక్కడ గిల్బర్ట్ ఇమ్లే అనే అమెరికా దేశస్థుని ప్రేమించింది. వారికి 1794లో ఫానీ అనే కుమార్తె కలిగింది. ఇమ్లే వీరిని విడిచిపెట్టగా ఆమె రెండుసార్లు ఆత్మహత్యకు ప్రయత్నించింది. తరువాత లండనులో గాడ్విన్‌తో స్నేహం ఏర్పడింది.

విలియం గాడ్విన్ (1756-1836) రాజకీయ న్యాయంపై 1793లో వ్రాసిన గ్రంథం ద్వారా యువతరంలో గొప్ప పేరు పొందాడు. ప్రభుత్వం, ఆస్తి, వివాహం మొదలైన వ్యవస్థలన్నీ మనిషి స్వేచ్ఛకు ఆటంకాలని ఈయన వాదం. అయినప్పటికీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ గర్భవతి అయిన తరువాత, పుట్టబోయే బిడ్డకు అపవాదు రాకుండా 1797 మార్చి 29న ఇద్దరూ లండనులోని సెయింట్ పాంక్రస్ చర్చిలో వివాహం చేసుకున్నారు. ఆచరణకూ సిద్ధాంతానికీ మధ్య ఇటువంటి ఎడం గాడ్విన్ జీవితంలో తరువాత కూడా కనిపిస్తుంది. దాని ఫలితాన్ని ఎక్కువగా అనుభవించింది ఆయన కుమార్తె.

ఆ సంవత్సరం ఆగష్టు 30 రాత్రి మేరీ జన్మించింది. పురుడు పోయడానికి ఒక మంత్రసానిని నియమించారు. కాని బిడ్డ పుట్టిన తరువాత మాయ బయటకు రాలేదు. వైద్యుని పిలిపించగా ఆయన చేతితో మాయను ముక్కలు ముక్కలుగా తీశాడు. ఇటువంటి జ్వరాలకు సూక్ష్మజీవులు కారణమని అప్పటి వైద్యులకు తెలియదు. ప్రసవానికి ముందు వైద్యులు చేతులు శుభ్రపరచుకోవాలని వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ చెప్పినది 1847లో, అంటే అర్థ శతాబ్దం తరువాత. తల్లికి బాలింత జ్వరం సోకింది. సెప్టెంబరు 10న ఆమె మరణించింది. తన పుట్టుకే తల్లి మరణానికి కారణమనే ఆలోచన మేరీని జీవితాంతం విడువలేదు.

భార్య జ్ఞాపకార్థం గాడ్విన్ 1798లో ఆమె జీవిత చరిత్రను ప్రచురించాడు. ఇమ్లేతో సంబంధాన్ని, ఆత్మహత్యా ప్రయత్నాలను దాపరికం లేకుండా వ్రాశాడు. ఆయన ఉద్దేశ్యం గౌరవించడమే అయినా, ఫలితం తలక్రిందులైంది. వోల్‌స్టన్‌క్రాఫ్ట్ పేరు ఎన్నో దశాబ్దాలపాటు సభ్యసమాజంలో పలకరానిదిగా మారిపోయింది.

బాల్యం

1801లో గాడ్విన్ తన పొరుగింటిలో ఉండే మేరీ జేన్ క్లెయిర్‌మాంట్‌ను వివాహమాడాడు. ఆమెకు అప్పటికే చార్లెస్, జేన్ అని ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఈ జేన్ తరువాతి కాలంలో క్లెయిర్ అని పేరు మార్చుకున్నది. 1803లో గాడ్విన్ దంపతులకు విలియం అనే కుమారుడు కలిగాడు. ఆ విధంగా ఆ ఇంట్లో ఐదుగురు పిల్లలు పెరిగారు. అయితే ఆ ఐదుగురిలో ఏ ఇద్దరికీ తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకరే కాదు.

మారుటి తల్లితో మేరీకి పొసగలేదు. ఆమె స్వంత కుమార్తెను బడికి పంపించి, మేరీకి అటువంటి చదువు లేకుండా చేసింది. మేరీ తండ్రి గ్రంథాలయంలోని పుస్తకాలు చదువుకుంటూ, ఇంటికి వచ్చే రచయితల సంభాషణలు వింటూ విద్య గడించింది. కోల్‌రిడ్జ్ వంటి కవులు ఆ ఇంటికి వచ్చేవారు. సెయింట్ పాంక్రస్ శ్మశానంలో తల్లి సమాధిరాతి మీద ఉన్న అక్షరాలను వ్రేలితో దిద్దుతూ మేరీ అక్షరాభ్యాసం చేసిందని ఒక కథ ప్రచారంలో ఉంది. అది నిజమైనా కాకపోయినా, పెద్దయిన తరువాత పుస్తకం పట్టుకుని ఆ సమాధివద్దకు పోయి చదువుకోవడం మాత్రం ఆమెకు అలవాటుగా ఉండేది.

1812లో ఈమెను స్కాట్లాండులోని డండీ పట్టణానికి బాక్స్‌టర్ కుటుంబం వద్దకు పంపించారు. అక్కడి కొండలు, సముద్రతీరం, ఆ ఇంటి ఆప్యాయత ఈమెకు ఎంతో ఆనందాన్ని ఇచ్చాయి. తన ఊహలకు తొలిసారిగా రెక్కలు వచ్చినది అక్కడేనని ఆమె తరువాత వ్రాసుకున్నది.

షెల్లీతో పరిచయం

పెర్సీ బిష్ షెల్లీ (1792-1822) ధనిక జమీందారీ కుటుంబానికి చెందినవాడు. నాస్తికత్వంపై కరపత్రం ప్రచురించినందుకు 1811లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంనుండి బహిష్కరింపబడ్డాడు. అదే సంవత్సరం హారియెట్ వెస్ట్‌బ్రూక్‌ను వివాహం చేసుకున్నాడు. గాడ్విన్ రచనలపై అపారమైన భక్తి గలవాడు. అప్పులలో కూరుకుపోయిన గాడ్విన్‌కు ధనసహాయం చేస్తానని మాట ఇచ్చి, ఆ ఇంటికి తరచు వచ్చేవాడు. 1814లో మేరీ స్కాట్లాండునుండి తిరిగి వచ్చిన తరువాత వారి పరిచయం ప్రేమగా మారింది. జూన్ నెలాఖరులో తల్లి సమాధి వద్దనే వారు పరస్పరం ప్రేమను వెల్లడించుకున్నారు.

1814 జూలై 28 తెల్లవారుజామున మేరీ, పెర్సీ ఇల్లు విడిచి ఫ్రాన్స్ వెళ్ళిపోయారు. క్లెయిర్ కూడా వీరితో బయలుదేరింది. అప్పటికి మేరీకి 16 సంవత్సరాలు, పెర్సీకి 21. అతని భార్య హారియెట్ రెండవసారి గర్భవతిగా ఉన్నది. యుద్ధంలో ధ్వంసమైన ఫ్రాన్స్ గ్రామాల గుండా కొంత నడిచి, కొంత గాడిద మీద, కంచరగాడిద మీద ప్రయాణించి స్విట్జర్లాండు చేరారు. చేతిలో డబ్బు అయిపోవడంతో రైన్ నది మీదుగా పడవలలో సెప్టెంబరులో ఇంగ్లాండు తిరిగి వచ్చారు. ఆ దారిలో డార్మ్‌స్టాట్ సమీపాన ఫ్రాంకెన్‌స్టైన్ అనే పేరు గల పాత కోట ఒకటి ఉన్నది. నవల పేరు అక్కడినుండి వచ్చిందని కొందరి ఊహ, కాని దానికి రుజువు లేదు.

వివాహ వ్యవస్థను ఖండించిన గాడ్విన్ కుమార్తె ముఖం చూడడానికి నిరాకరించాడు. ఆమెతో ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా నిలిపివేశాడు. అయితే పెర్సీనుండి డబ్బు అడగడం మాత్రం మానలేదు.

1815 ఫిబ్రవరి 22న మేరీకి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. మార్చి 6న ఆ పాప చనిపోయింది. ఆమెకు పేరు పెట్టినట్లు కూడా ఆధారం లేదు. పాప నిజానికి చనిపోలేదని, ఒళ్ళు చల్లబడిందంతేనని, నిప్పువద్ద కాచి ఒళ్ళు రుద్దగా మళ్ళీ బ్రతికిందని తనకు కల వచ్చినట్లు మేరీ ఆ నెలలోనే తన దినచర్యలో వ్రాసుకున్నది. ప్రాణం లేని దేహానికి ప్రాణం పోయడమనే భావం ఈమె మనస్సులో ఏనాడు మొలకెత్తిందో తెలుసుకోవడానికి ఈ చిన్న నమోదు చాలా ముఖ్యమైనది. 1816 జనవరి 24న ఒక కుమారుడు కలిగాడు. అతనికి తన తండ్రి పేరే విలియం అని పెట్టింది. అప్పటికీ తండ్రి ఆమెతో మాట్లాడడం లేదు.

జెనీవా సరస్సు తీరాన

1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని సుంబావా దీవిలో తంబోరా అగ్నిపర్వతం బ్రద్దలైంది. ఆ ధూళి వాతావరణంలో వ్యాపించడంవలన మరుసటి సంవత్సరం ఐరోపాలో వేసవి రాలేదు. ఎడతెగని వర్షాలు కురిశాయి, పంటలు పోయాయి. అటువంటి 1816 మే నెలలో మేరీ, పెర్సీ, చంటిబిడ్డ విలియం, క్లెయిర్ స్విట్జర్లాండులోని జెనీవా చేరారు. కవి లార్డ్ బైరన్ తన వైద్యుడు జాన్ పోలిడోరితో కలిసి సమీపంలోని విల్లా డియోడాటి అనే భవనంలో దిగాడు. క్లెయిర్ అప్పటికే బైరన్ వలన గర్భవతి. ఆమె ప్రోద్బలంతోనే ఈ బృందం జెనీవా దారి పట్టింది.

వానలవలన అందరూ ఇంటిలోనే ఉండవలసి వచ్చింది. ఫ్రెంచి భాషలోకి అనువదించబడిన జర్మను దయ్యాల కథలు చదువుకుంటూ కాలక్షేపం చేసేవారు. జూన్ నెలలో ఒక రాత్రి, ప్రతి ఒక్కరూ ఒక దయ్యం కథ వ్రాయాలని బైరన్ ప్రతిపాదించాడు. ఇద్దరు మహాకవులూ కొద్దిగా మొదలుపెట్టి వదిలేశారు. పోలిడోరి మాత్రం బైరన్ వదిలేసిన కథాంశాన్ని తీసుకుని 1819లో రక్తపిశాచి కథ ప్రచురించాడు. తరువాత వచ్చిన డ్రాక్యులా వంటి కథలన్నిటికీ అది పూర్వరూపం. ఒకే ఇంట్లో, ఒకే వానాకాలంలో భయానక సాహిత్యానికి రెండు ప్రధాన శాఖలు పుట్టడం విశేషం.

మేరీకి చాలా రోజులు ఏ కథా తోచలేదు. ఒకనాటి రాత్రి బైరన్, పెర్సీ జీవశక్తి అంటే ఏమిటి, చనిపోయిన దేహాన్ని తిరిగి బ్రతికించవచ్చా అనే విషయాలు చర్చిస్తుండగా ఆమె మౌనంగా వింటున్నది. విద్యుత్తు తగిలితే చచ్చిన కప్ప కాళ్ళు కదలడాన్ని ఇటలీలో గాల్వానీ కనుగొన్న సంగతి అప్పటికి అందరికీ తెలుసు. ఆయన మేనల్లుడు ఆల్డిని 1803లో లండనులో ఉరితీయబడిన ఒక నేరస్థుని శవంపై ఇటువంటి ప్రయోగమే చేసి చూపించాడు. ఆ రాత్రి పడుకున్న తరువాత, తాను తయారుచేసిన ఆకారం కదలడం చూసి భయంతో పారిపోతున్న ఒక విద్యార్థి రూపం ఆమె కళ్ళముందు మెదిలింది. 1831 నాటి ముందుమాటలో ఈ వృత్తాంతమంతా ఆమె వివరించింది. అందులో చెప్పిన వెన్నెల వర్ణనను బట్టి లెక్కకట్టి, అది 1816 జూన్ 16 వేకువన 2, 3 గంటల మధ్య జరిగి ఉండవచ్చునని 2011లో టెక్సాస్‌కు చెందిన ఖగోళ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. జూలైలో ఆల్ప్స్ పర్వతాలలోని షామొనీ లోయను, అక్కడి హిమానీనదాన్ని చూసి వచ్చింది. నవలలో సృష్టికర్తా, సృష్టింపబడిన ప్రాణీ ఎదురుపడి మాట్లాడుకునే ఘట్టం ఆ మంచు మైదానం మీదనే మొదలవుతుంది.

రెండు మరణాలు

ఇంగ్లాండు తిరిగివచ్చి బాత్ నగరంలో నవలా రచన సాగిస్తుండగా వరుసగా రెండు దుర్ఘటనలు జరిగాయి. గాడ్విన్ ఇంట్లో మిగిలిపోయిన ఫానీ 1816 అక్టోబరు 9న స్వాన్‌సీలోని ఒక సత్రంలో నల్లమందు ద్రావణం త్రాగి ఆత్మహత్య చేసుకున్నది. ఆమె వ్రాసిపెట్టిన చీటీలో పేరు ఉన్నచోట కాగితం చింపివేసి ఉన్నది. అపవాదుకు భయపడి గాడ్విన్ శవాన్ని గుర్తించడానికి ఎవరినీ వెళ్ళనివ్వలేదు. పుట్టినప్పుడు కన్నతండ్రికి అక్కరలేని ఆ పిల్ల, చనిపోయినప్పుడు పెంచిన తండ్రికి కూడా అక్కరలేకపోయింది.

డిసెంబరు 10న హారియెట్ శవం లండను హైడ్ పార్కులోని సర్పెంటైన్ చెరువులో తేలింది. అప్పుడామె గర్భవతి. ఆమె మరణంతో పెర్సీ, మేరీల వివాహానికి అడ్డు తొలగిపోయింది. డిసెంబరు 30న లండనులో వారి వివాహం జరిగింది. గాడ్విన్ వచ్చి కుమార్తెను ఆశీర్వదించాడు. 1817 మార్చిలో హారియెట్ పిల్లలిద్దరినీ పెంచే అర్హత పెర్సీకి లేదని న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. అదే ఏడాది జనవరిలో క్లెయిర్‌కు బైరన్ వలన అల్లెగ్రా అనే కూతురు పుట్టింది. తల్లులు లేని పిల్లలు, తండ్రులు ఒప్పుకోని పిల్లలు, న్యాయస్థానాలు లాగివేసిన పిల్లలు - వీరందరి మధ్య, తానుకూడా మళ్ళీ గర్భవతిగా ఉండి, మేరీ మే నెలలో నవల పూర్తిచేసింది. సెప్టెంబరు 2న క్లారా జన్మించింది.

ఫ్రాంకెన్‌స్టైన్ పాత్రలు

ఈ నవల ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు కథనాలుగా సాగుతుంది. ఉత్తర ధ్రువాన్ని చేరుకోవాలని ఓడలో బయలుదేరిన రాబర్ట్ వాల్టన్ తన అక్క మార్గరెట్ సావిల్‌కు వ్రాసే లేఖలు మొదటిది. మంచులో అతనికి దొరికిన విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ చెప్పే ఆత్మకథ రెండవది. దాని మధ్యలో, అతడు సృష్టించిన ప్రాణి తన గోడు తాను చెప్పుకోవడం మూడవది. వాల్టన్ లేఖలు డిసెంబరు 11న మొదలై సెప్టెంబరు 12న ముగుస్తాయి. అది తొమ్మిది నెలల కాలమని, మార్గరెట్ వాల్టన్ సావిల్ పేరులోని పొడి అక్షరాలు మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ షెల్లీ పొడి అక్షరాలతో సరిపోతాయని విమర్శకులు గమనించారు. ఆ అక్క నవలలో ఎక్కడా మాట్లాడదు, కథంతా వినేది మాత్రం ఆమే.

విక్టర్ జెనీవా నగరంలో గౌరవనీయమైన కుటుంబంలో పుట్టినవాడు. తండ్రి ఆల్ఫోన్స్, తల్లి కారొలైన్, తమ్ముళ్ళు ఎర్నెస్ట్, విలియం. కారొలైన్ తండ్రి బ్యూఫోర్ట్ దివాలా తీసి మరణించగా, అతని మిత్రుడైన ఆల్ఫోన్స్ ఆమెను ఆదుకుని పెళ్ళిచేసుకున్నాడు. ఇంట్లో పెరిగే ఎలిజబెత్ లావెంజా విక్టర్‌కు కాబోయే భార్య. 1818 ప్రతిలో ఈమె విక్టర్ మేనత్త కూతురు. తెలుగు పాఠకులకు ఈ మేనరికం వింతగా తోచదు. కాని 1831 ప్రతిలో రచయిత్రి ఆ రక్తసంబంధాన్ని తీసివేసి, ఎలిజబెత్‌ను మిలాను నగరానికి చెందిన ఒక కులీనుని అనాథ కూతురిగా మార్చింది. పనిపిల్ల జస్టిన్ మోరిట్జ్‌ను కన్నతల్లి ద్వేషించగా కారొలైన్ చేరదీసింది. ఈ విధంగా ఈ ఇల్లు దిక్కులేనివారికి ఆశ్రయం ఇచ్చే ఇల్లు. అటువంటి ఇంట్లో పెరిగిన విక్టర్ తాను పుట్టించిన ఒక్క ప్రాణికి మాత్రం ఆశ్రయం ఇవ్వలేకపోవడం ఈ కథలోని అసలు వైరుధ్యం.

ఎలిజబెత్‌కు వచ్చిన స్కార్లెట్ జ్వరం కారొలైన్‌కు అంటుకుని ఆమె మరణిస్తుంది. ఆ దుఃఖం ఆరకముందే విక్టర్ ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, శవాల భాగాలు సేకరించి, స్త్రీ ప్రమేయం లేకుండానే మనిషిని తయారుచేయడానికి పూనుకుంటాడు. నవంబరు నెలలో ఒక రాత్రి ఆ ప్రాణి కళ్ళు తెరవగానే, దాని రూపం చూసి అసహ్యంతో గదినుండి పారిపోతాడు. ఆ రాత్రి కలలో ఎలిజబెత్‌ను ముద్దుపెట్టుకోగా ఆమె అతని చేతులలోనే చనిపోయిన తల్లి శవంగా మారుతుంది. మేలుకుని చూస్తే ఆ ప్రాణి మంచం తెర తొలగించి, ఏదో చెప్పబోతూ చేయి చాపుతుంది. అతడు మళ్ళీ పారిపోతాడు. పుట్టిన బిడ్డ చేయి చాపడం, తండ్రి పారిపోవడం - నవలలోని మిగతా హత్యలన్నీ ఈ ఒక్క క్షణంనుండి వచ్చినవే.

ఆ ప్రాణికి పేరు లేదు. చాలామంది ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ఆ వికృతాకారం పేరు అనుకుంటారు. అది సృష్టికర్త ఇంటిపేరు. అయితే బిడ్డకు తండ్రి ఇంటిపేరు రావడం లోకరీతి కనుక, ఈ పొరపాటులో కొంత న్యాయం లేకపోలేదు.

వదలివేయబడిన ప్రాణి అడవిలో, ఒక గుడిసెకు ఆనుకుని ఉన్న కొట్టులో దాక్కుని, గోడ పగులులోనుండి డి లేసీ కుటుంబాన్ని గమనిస్తుంది. గ్రుడ్డి తండ్రి, కొడుకు ఫీలిక్స్, కూతురు అగాథా, ఫీలిక్స్‌ను ప్రేమించి వచ్చిన తురుష్క వర్తకుని కుమార్తె సాఫీ. ఫీలిక్స్ సాఫీకి ఫ్రెంచి నేర్పుతుండగా ఈ ప్రాణి కూడా చాటునుండి నేర్చుకుంటుంది. బడికి వెళ్ళకుండా, పెద్దల సంభాషణలు చాటున వింటూ విద్య నేర్చిన రచయిత్రి ఇక్కడ కనిపిస్తుంది. మిల్టన్ పారడైజ్ లాస్ట్, ప్లూటార్క్ జీవిత చరిత్రలు, గేటే వెర్తర్ నవల దానికి దొరుకుతాయి. ఆదాముకు తనను పుట్టించిన దేవుడైనా అండగా ఉన్నాడు, తనకు అది కూడా లేదని గ్రహిస్తుంది. ధైర్యం చేసి గ్రుడ్డి తండ్రితో మాట్లాడుతుంది, అతడు ఆదరిస్తాడు. కళ్ళున్న కొడుకు వచ్చి కర్రతో కొట్టి తరుముతాడు.

తరువాత కథ వేగంగా నడుస్తుంది. జెనీవా సమీపంలో కనిపించిన బాలుడు తన శత్రువు కుటుంబానికి చెందినవాడని తెలిసి ఆ ప్రాణి అతనిని చంపుతుంది. ఆ బాలుడే విలియం. తండ్రి పేరు, తమ్ముని పేరు, ఒడిలో ఉన్న కొడుకు పేరు కూడా అదే అయి ఉండగా రచయిత్రి మొదట హత్యకు గురయ్యే పాత్రకు ఆ పేరు పెట్టడం పాఠకులను నేటికీ కలవరపరుస్తుంది. ఆ నేరం జస్టిన్ మీద పడుతుంది. నిజం తెలిసిన విక్టర్ తనను పిచ్చివాడంటారని నోరు విప్పడు. జస్టిన్ ఉరితీయబడుతుంది. విక్టర్ దోషం సృష్టించడంలో కన్నా ఈ మౌనంలోనే ఎక్కువగా ఉన్నది.

మంచు మైదానం మీద ఎదురుపడిన ప్రాణి తనకు తోడుగా ఒక స్త్రీని తయారుచేయమని కోరుతుంది. విక్టర్ మొదట ఒప్పుకుంటాడు. ఓర్క్‌నీ దీవులలో ఆ పని సాగిస్తూ, వారికి సంతానం కలిగితే ఏమవుతుందోననే భయంతో సగంలోనే ఆ స్త్రీ దేహాన్ని ముక్కలు చేస్తాడు. దానికి ప్రతీకారంగా ప్రాణి అతని ప్రాణమిత్రుడు హెన్రీ క్లెర్వాల్‌ను, పెళ్ళినాటి రాత్రి ఎలిజబెత్‌ను చంపుతుంది. ఆ దిగులుతో ఆల్ఫోన్స్ మరణిస్తాడు. పెళ్ళిరాత్రి వస్తానని ప్రాణి ముందే హెచ్చరించినా, అది తనను చంపుతుందనే తప్ప భార్యకు ముప్పు ఉందని విక్టర్‌కు తట్టకపోవడం గమనార్హం. క్లెర్వాల్ అంతకుముందు విక్టర్ జబ్బుపడినప్పుడు నెలల తరబడి సేవ చేసినవాడు. నవలలో ఇతరులను సాకే గుణం ఉన్నవారందరూ చనిపోతారు. కుటుంబంలో ఎర్నెస్ట్ ఒక్కడే మిగులుతాడు. చివరకు సృష్టికర్త, ప్రాణి ఒకరినొకరు తరుముకుంటూ ధ్రువప్రాంతానికి చేరుతారు. ఈ దశలో ఎవరు ఎవరికి యజమానో, ఎవరు ఎవరి నీడో చెప్పలేము. విక్టర్ ఓడలో చనిపోగా, ఆ ప్రాణి శవం పక్కన నిలిచి విలపించి, తాను చితి పేర్చుకుని కాలిపోతానని చెప్పి చీకటిలోకి వెళ్ళిపోతుంది.

విక్టర్ పాత్రలో పెర్సీ పోలికలు ఉన్నాయని చాలామంది అభిప్రాయం. పెర్సీ కౌమారంలో సోదరి ఎలిజబెత్‌తో కలిసి 1810లో ప్రచురించిన కవితల పుస్తకంపై తన పేరును విక్టర్ అనే పెట్టుకున్నాడు. ఐతే నవలను గాడ్విన్‌కు అంకితం చేయడాన్ని కూడా మరువరాదు. బిడ్డలను సిద్ధాంతాలపాలు చేసిన తండ్రి కథను ఒక కుమార్తె తన తండ్రికే సమర్పించింది.

ప్రచురణ

ఇద్దరు ప్రచురణకర్తలు తిరస్కరించిన తరువాత, 1818 జనవరి 1న లండనులో నవల మూడు సంపుటాలుగా, 500 ప్రతులతో వెలువడింది. రచయిత పేరు వేయలేదు. ముందుమాట పెర్సీ వ్రాశాడు. దీనిని సమీక్షించిన వాల్టర్ స్కాట్ ఇది పెర్సీ రచనే అనుకున్నాడు. ఒక యువతి ఇంతటి నవల వ్రాయగలదా అనే అనుమానం తరువాత కూడా చాలాకాలం కొనసాగింది. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న వ్రాతప్రతులను చార్లెస్ రాబిన్సన్ పరిశీలించి 1996లో ప్రచురించాడు. సుమారు 72,000 పదాల నవలలో పెర్సీ కలిపినవి నాలుగైదు వేల పదాలని ఆయన అంచనా. కథ, పాత్రలు, ఆలోచన మేరీవే.

1823లో ఈ నవల ఆధారంగా లండనులో ప్రదర్శించిన నాటకానికి మేరీ స్వయంగా వెళ్ళింది. నటీనటుల పట్టికలో ఆ ప్రాణి పేరు ఉండవలసినచోట ఖాళీగా గీత గీసి ఉంచడం ఆమెకు బాగా నచ్చింది. 1931లో జేమ్స్ వేల్ తీసిన చలనచిత్రంలో కూడా ప్రారంభంలో బోరిస్ కార్లాఫ్ పేరుకు బదులు ప్రశ్నార్థకం వేశారు. దానికి కొనసాగింపుగా 1935లో వచ్చిన చిత్రంలో మేరీ షెల్లీ పాత్రను, ప్రాణికి తయారుచేసిన వధువు పాత్రను ఎల్సా లాంచెస్టర్ ఒక్కతే ధరించింది.

ఇటలీలో

1818 మార్చిలో షెల్లీ దంపతులు ఇటలీకి తరలిపోయారు. ఆ సెప్టెంబరు 24న వెనిస్‌లో క్లారా మరణించింది. జబ్బుగా ఉన్న పసిపాపతో ఎండలో సుదూర ప్రయాణం చేయమని పెర్సీ కబురు పంపడమే దీనికి కొంత కారణం. 1819 జూన్ 7న రోములో మూడేళ్ళ విలియం జ్వరంతో చనిపోయాడు. మేరీ తీవ్రమైన విషాదంలో మునిగిపోయింది. భర్తతో మునుపటి సాన్నిహిత్యం మళ్ళీ పూర్తిగా ఏర్పడలేదు. దుఃఖించడం మానుకోమని గాడ్విన్ కఠినంగా ఉత్తరం వ్రాశాడు. ఆ కాలంలోనే తండ్రీకూతుళ్ళ మధ్య వికృతమైన ప్రేమను గురించి మాటిల్డా అనే చిన్న నవల వ్రాసి, అచ్చువేయించమని ఆయనకే పంపింది. ఆయన దానిని ప్రచురించలేదు, వ్రాతప్రతిని తిరిగి ఇవ్వనూలేదు. అది 1959లో గాని వెలుగు చూడలేదు. 1819 నవంబరు 12న ఫ్లారెన్స్‌లో పుట్టిన పెర్సీ ఫ్లారెన్స్ ఒక్కడే ఆమె సంతానంలో బ్రతికి పెద్దవాడయ్యాడు.

1822 ఏప్రిల్‌లో, తల్లినుండి విడదీసి బైరన్ ఒక కాన్వెంటులో ఉంచిన అల్లెగ్రా ఐదేళ్ళ వయసులో మరణించింది. జూన్ 16న మేరీకి గర్భస్రావమై ప్రాణాపాయం కలిగింది. పెర్సీ ఆమెను మంచునీటిలో కూర్చోబెట్టి రక్తస్రావం ఆపాడు. ఆమె ప్రాణం ఆ విధంగా నిలిచింది. జూలై 8న లివోర్నోనుండి తిరిగి వస్తూ అతని పడవ తుఫానులో మునిగిపోయింది. ఆగష్టు 16న వియారెజ్జో సముద్రతీరాన శవాన్ని దహనం చేశారు. చితిలో గుండె పూర్తిగా కాలకుండా మిగిలిందని, మిత్రుడు ట్రెలానీ దానిని బయటకు తీశాడని చెబుతారు. అది చివరకు మేరీకి చేరింది. అప్పటికి ఆమెకు 25 సంవత్సరాలు నిండలేదు.

తరువాతి జీవితం

మామగారైన సర్ తిమోతీ షెల్లీ, మనుమని తమకు అప్పగిస్తేనే అతని పోషణ భరిస్తానని షరతు పెట్టాడు. మేరీ నిరాకరించింది. 1823లో లండను తిరిగివచ్చి కలం మీదనే ఆధారపడి కుమారుని పెంచింది. తరువాత ఆయన స్వల్ప భృతి ఇవ్వడానికి ఒప్పుకున్నా, తన కుమారుని జీవిత చరిత్రను ప్రచురించరాదని నిబంధన విధించాడు. 1824లో మేరీ సంకలనం చేసిన పెర్సీ కవితలను అమ్మకంనుండి ఉపసంహరింపజేశాడు.

వాల్పెర్గా (1823), లాస్ట్ మాన్ (1826), పెర్కిన్ వార్‌బెక్ (1830), లొడోర్ (1835), ఫాక్‌నర్ (1837) ఈమె ఇతర నవలలు. వీటిలో లాస్ట్ మాన్ ముఖ్యమైనది. 21వ శతాబ్దంలో మహమ్మారి సోకి మానవజాతి నశించగా మిగిలిన చివరి మనిషి కథ ఇది. ఆ కాలపు విమర్శకులు దీనిని ఎగతాళి చేశారు. కోవిడ్ కాలంలో ఇది మళ్ళీ చర్చకు వచ్చింది. ఒక విజ్ఞాన సర్వస్వం కోసం ఐరోపా రచయితల జీవిత చరిత్రలు కూడా వ్రాసింది. 1831లో ఫ్రాంకెన్‌స్టైన్‌ను సవరించి కొత్త ముందుమాటతో వెలువరించింది. ఈ ప్రతిలో విక్టర్ తన ఇచ్ఛ కన్నా విధికి ఎక్కువ లొంగినవాడుగా కనిపిస్తాడు. మధ్యలో గడిచిన పదమూడు సంవత్సరాలు చూస్తే దీనికి కారణం ఊహించడం కష్టం కాదు.

1839లో భర్త కవితలను నాలుగు సంపుటాలుగా, తన వివరణలతో ప్రచురించింది. జీవిత చరిత్ర వ్రాయరాదన్న నిబంధనను మీరకుండానే, ఏ కవిత ఎప్పుడు ఎటువంటి పరిస్థితులలో పుట్టిందో ఆ వివరణలలో తెలియజేసింది. పెర్సీ షెల్లీ కీర్తికి ఆ సంపుటాలే పునాది. 1844లో సర్ తిమోతీ మరణించడంతో పెర్సీ ఫ్లారెన్స్‌కు బిరుదు, ఆస్తి సంక్రమించాయి. 1848లో అతడు జేన్ సెయింట్ జాన్‌ను వివాహమాడాడు. అత్తాకోడళ్ళు ఎంతో అన్యోన్యంగా ఉండేవారు. మేరీ చివరి సంవత్సరాలు కొడుకూ కోడలి వద్దనే గడిచాయి.

మరణం

కొన్ని సంవత్సరాలుగా తలనొప్పి, పక్షవాత లక్షణాలతో బాధపడిన మేరీ 1851 ఫిబ్రవరి 1న లండనులోని చెస్టర్ స్క్వేర్ ఇంట్లో తన 53వ ఏట మరణించింది. మెదడులో కణితి కారణమని వైద్యులు భావించారు. తల్లిదండ్రుల చెంతనే తనను ఖననం చేయాలని ఆమె కోరుకున్నది. సెయింట్ పాంక్రస్ శ్మశానం అప్పటికే అధ్వాన్న స్థితిలో ఉండడంతో, కోడలు జేన్ చొరవతో గాడ్విన్, వోల్‌స్టన్‌క్రాఫ్ట్‌ల అస్థికలను అక్కడినుండి తీయించి, బోర్న్‌మత్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి ఆవరణలో మేరీ పక్కన సమాధి చేశారు. పుట్టిన పది రోజులకే దూరమైన తల్లికి మేరీ దగ్గరైనది అక్కడే.

ఆమె మరణించిన ఏడాది తరువాత కుటుంబసభ్యులు ఆమె వ్రాతబల్ల పెట్టె తెరిచారు. అందులో చనిపోయిన పిల్లల తలవెంట్రుకలు, పెర్సీతో కలిసి వ్రాసుకున్న ఒక పుస్తకం, అతని అడొనైస్ కావ్య ప్రతి దొరికాయి. ఆ ప్రతిలోని ఒక పుట మడతలో, పట్టుగుడ్డలో చుట్టి, అతని చితాభస్మం కొంత, గుండె అవశేషం ఉన్నాయి. 1889లో పెర్సీ ఫ్లారెన్స్ మరణించినప్పుడు దానిని కూడా బోర్న్‌మత్‌లోని అదే కుటుంబ సమాధిలో ఉంచారు.